రెండుకీ ఐదుకీ మధ్య

నవంబరు 17, ఆదివారం

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం లేచి తిరుగుతూనే ఉన్నాం. క్షేమం అని గట్టిగా చెప్పుకునేంత లేదు గానీ, కంగారు పడాల్సిందీ లేదు. మీరూ అక్కా అమ్మాయీ ఒంట్లో బాగున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. తొమ్మిదేళ్ల తర్వాత కవరు మీద మీ చేతిరాత చూసి, దాన్ని చింపడానికే నాకు ఒక పూట పట్టింది. నా ఫోను నంబరు మారి ఆరేళ్లయింది. కొత్తది మీకు ఇవ్వలేదు. అందుకు మీరు ఒక్క మాటైనా అనలేదు. పైగా, నీకు పనులెక్కువ కదా అని మీరే నా తరఫున సాకు వెతికిపెట్టారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది బావా.

అమ్మాయికి లేబుళ్లు తయారుచేసే పని దొరికిందని, ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చని, దానికి మంచి మానిటర్ ఏదో నన్నే చెప్పమని రాశారు. ఇరవై ఏడు అంగుళాలవి రెండు చూసి పెట్టుకుందట. ఒకటి 1920 బై 1080, ఇంకోటి 2560 బై 1440. రెండూ ఒకే సైజు కదా, ఈ అంకెల గోలేమిటి అని అక్క అడిగిందన్నారు. అక్క ప్రశ్న సరైనదే. దుకాణంలో సగం మంది అదే అడుగుతారు, మిగతా సగం మంది అడగడానికి మొహమాటపడతారు.

నిన్న పని మానుకుని దుకాణానికి వెళ్లాను. అక్కడ అన్ని తెరల మీదా పూల తోటలే. పువ్వుని ఎంత నాసిరకం తెర మీద పెట్టినా పువ్వులాగే ఉంటుంది. నేను జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి, అందులో ఉన్న మందుసీసా లేబుల్ తెరవమన్నాను. సేల్స్‌మన్ ముక్కు తెరకి ఆనించి, ఇంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు సార్ అన్నాడు. మందు తాగేవాళ్లు చదువుతారయ్యా అన్నాను. ఆ తర్వాత వాడు నాకు మంచినీళ్లయినా ఇవ్వలేదు.

అక్కకి ఇలా చెప్పండి. తెర అంటే చిన్నచిన్న చుక్కల గళ్లు. 1920 బై 1080 అంటే అడ్డంగా పంతొమ్మిది వందల ఇరవై చుక్కలు, నిలువుగా వెయ్యీ ఎనభై. తెర పెద్దదైనంత మాత్రాన చుక్కలు పెరగవు, ఉన్నవే లావెక్కుతాయి. ఇరవై నాలుగు అంగుళాల తెరకి ఆ లెక్క చాలు. ఇరవై ఏడుకి పరిస్తే అంగుళానికి ఎనభై చిల్లరే వస్తాయి, అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. అదే తెరలో 2560 బై 1440 ఉంటే అంగుళానికి సుమారు నూట తొమ్మిది. మన పనికి అది కావాలి. ఇంకా పైన ఫోర్-కే అని ఉంటుంది. దాంట్లో అక్షరాలు అద్దంలా ఉంటాయి గానీ, ఉన్నదున్నట్టు పెడితే చీమల్లా కనిపిస్తాయి, స్కేలింగ్, అంటే అక్షరాల సైజు సెట్టింగు, పెంచుకోవాలి. అమ్మాయి కంప్యూటర్ పాతదన్నారు కాబట్టి అది దాన్ని మోయగలదో లేదో ముందు కనుక్కోవాలి. నా మాటగా రెండోదే కొనమనండి. బల్ల మీద చేతి దూరంలో పెట్టుకోమనండి.

ఇంకొక్కటి. ఇది మాత్రం దాని చేత ఒట్టు వేయించుకోండి. ప్రతి తెరకీ పుట్టుకతో వచ్చిన రెజల్యూషన్, అంటే చుక్కల లెక్క, ఒకటుంటుంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని తగ్గించకూడదు. తగ్గిస్తే అక్షరాలు పెద్దవవుతాయి, నిజమే. కళ్లకి హాయిగా కూడా ఉంటుంది. కానీ ఒక చుక్క పని పక్క చుక్కలు పంచుకోవాల్సి వచ్చి అన్నీ మసకబారతాయి. ఉన్న చుక్కేదో, మరక ఏదో తేడా తెలియదు. అక్షరాలు చిన్నగా ఉంటే స్కేలింగ్ పెంచుకోవాలి, లేదా కళ్లజోడు పెట్టుకోవాలి. రెజల్యూషన్ జోలికి పోకూడదు.

మీ ఉత్తరంలో చివరి పేరా దగ్గర ఆగిపోయాను. అమ్మాయి చేసే మొదటి లేబుళ్లు నన్నే చూసిపెట్టమన్నారు. పక్క గదిలోనే మీరుండగా నేనెందుకంటే, ఆ చుక్కని తుడిచేసిన కళ్లు నావి, నా చూపు మీద నాకే నమ్మకం లేదు, అమ్మాయి అడిగినా లేచి బయటికి వెళ్లిపోతాను అని రాశారు. ప్రెస్సులో మిమ్మల్ని అందరూ డేగ అని పిలిచేవాళ్లు. నన్ను చెయ్యి పట్టుకుని ఆ ప్రెస్సుకి తీసుకెళ్లి, పక్క కుర్చీలో కూర్చోబెట్టి, పని నేర్పింది మీరు. అలాంటి మీరు ఇప్పుడు గోడౌన్ గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకుంటున్నారు. ఆ నంబర్లు కూడా రెండుసార్లు చూసుకుంటారని అక్క ఎవరితోనో అందట, నా చెవిన పడింది.

ఆ రోజులు నేనూ మర్చిపోలేదు. దగ్గుమందు కంపెనీవాళ్లు పాత లేబుల్ ఇచ్చారు. దాన్ని స్కాన్ చేసి, ధూళి చుక్కలన్నీ తుడిచి, కొత్త సీసా కొలతకి సర్దడం మీ పని. పిల్లలకి 2.5 ఎం.ఎల్. అని ఉండాల్సిన చోట 25 అని అచ్చయి వెళ్లిపోయింది. ఎవరో తల్లి చదివింది, చదివినట్టే పోసింది. ఆ పాప పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. ఓనరు అందరినీ నిలబెట్టి అడిగితే, ఆ రోజు ఎన్ని చుక్కలు తుడిచానో నాకే తెలీదు, దాంతోపాటు ఇదీ పోయుంటుంది అని మీకు మీరే ఒప్పుకున్నారు. చెకింగ్ బల్ల మీద ఉన్న నన్ను అడిగితే, నేను అక్షరాలే చూస్తాను, మోతాదు అంకెల పట్టిక బావదే అన్నాను. రూలు అదే కాబట్టి నన్ను వదిలేశారు. ఊళ్లో ఏ ప్రెస్సూ మళ్లీ మీకు కుర్చీ ఇవ్వలేదు.

ఆ తర్వాత నేను మీ ఇంటికి రాలేదు. మా పరువు పోయిందని తమ్ముడు గడప తొక్కడం మానేశాడు అని అక్క అనుకుంటోందట. అనుకోనివ్వండి. మా ఆవిడ ప్రతి ఏడాదీ అడుగుతూనే ఉంటుంది, మీ అక్కేం చేసిందని. పని ఉందంటాను.

అమ్మాయికి నా ఆశీస్సులు. అది చివరిసారి నన్ను చూసినప్పుడు నా భుజం దాకా ఉండేది. ఇప్పుడు నా ఎత్తు ఉంటుందేమో. అక్కని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. కవరు అంటించడానికి జిగురు తీసి, మళ్లీ మూత పెట్టేశాను. ఇది రాయకుండా అంటిస్తే ఇంకో తొమ్మిదేళ్లు నోరు పెగలదు.

చుక్క మీ దగ్గర పోలేదు బావా. తుడిచింది నేను.

అప్పటికి నాకు చత్వారం వచ్చి ఏడాదైంది. మన ఓనరు సంగతి మీకు తెలుసు, కళ్లజోడు పెట్టుకున్నవాణ్ణి చెకింగ్ బల్ల నుంచి లేపి ప్యాకింగ్‌కి పంపేవాడు. అందుకని జోడు కొనకుండా తెర రెజల్యూషన్ తగ్గించి పెట్టుకున్నాను. అక్షరాలు పెద్దవయ్యాయి, అంతా మసక. మీ లేబుల్ నా దగ్గరికి వచ్చింది. రెండుకీ ఐదుకీ మధ్య బూడిదరంగులో ఏదో ఉంది. ధూళి అనుకున్నాను. పట్టిక ముట్టుకోకూడదన్న రూలు గుర్తుంది. బావకి మాట రాకూడదని, నేనే తుడిచేశాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఆ ఒక్కటీ నమ్మండి.

గొడవ తెలిసిన రోజు పొద్దున అందరికంటే ముందు వెళ్లి, రెజల్యూషన్ మళ్లీ సరిచేశాను. లేబుల్ నా దగ్గరికి పంపేముందు మీరు సంతకం చేసి పెట్టిన ప్రూఫ్ కాగితం, చుక్కతో సహా, ఫైల్లో ఉంది. అది చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. తీసి చొక్కాలో పెట్టుకున్నాను. మీరు నిలబడి ఒప్పుకుంటున్నప్పుడు అది నా ఒంటికి అంటుకునే ఉంది. ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

ఆ కాగితం ఇందులో పెట్టాను. ఓనరుకి విడిగా రాసి, రేపు నేనే చేతికి ఇస్తున్నాను. మీరు క్షమిస్తారని ఇది రాయలేదు. అక్కకి మాత్రం మీరే చదివి వినిపించండి, ఆమె ఎదుట నిలబడే మొహం నాకు లేదు.

అమ్మాయి మొదటి లేబుల్ నేను చూడను. పక్క గదిలోంచి పిలిస్తే లేచి వెళ్లండి బావా. మీ కళ్లకి ఏమీ కాలేదు.