శుక్రవారం ఐదూ యాభై ఐదు

అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టకపోతే అది ఉత్తరమే కాదనేవాడు నాన్న. సరే, నా వంతు కుశలం రాస్తున్నాను. నేను బాగున్నాను, వేళకు తింటున్నాను, ఈ సమావేశ మందిరంలో ఏసీ చలికి కాస్త జలుబు చేసింది, అంతే. నీ వంతు మాత్రం నేను రాయలేను. కాళ్ళు సముద్రపు నీళ్ళలో పెట్టుకుని మిషను తొక్కుతున్నదాన్ని పట్టుకుని క్షేమమే కదా అని అడిగితే నువ్వు చెప్పు తీస్తావు.

నీ ఉత్తరం నిన్న సోమవారం అందింది. ఫోను టవరు సముద్రంలో పడ్డ దగ్గర్నుంచి నీ దస్తూరీ బాగుపడిందని బావతో చెప్పు. మీరు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. నీ చివరి ప్రశ్న దగ్గరికి రావడానికి మాత్రం కొంచెం టైమివ్వు. దానికి ధైర్యం కూడగట్టుకోవాలి.

ముందు బావ ప్రశ్న. "దేశాలన్నీ కలిసి రెండు వారాలు కూర్చుని ఏం మాట్లాడుకుంటార్రా?" అని కదా. భూమి కాగిపోతోందని మాట్లాడుకుంటారు బావా. చలికి శాలువాలు కప్పుకుని మాట్లాడుకుంటారు. మొదటి మూడు రోజులూ ఏం మాట్లాడుకోవాలో మాట్లాడుకున్నారు. నాలుగో రోజు ఒక పెద్ద దేశపాయన లేచి, 'తీవ్ర ఆందోళన' అని రాశారే, అందులో 'తీవ్ర' ఎందుకండీ, చదివేవాళ్ళు కంగారు పడరూ అన్నాడు. పొద్దు గూకేదాకా దాని మీదే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పిమ్మని ఇంకొకడు అడిగాడంటారు. ఇక్కడ ఆ నిప్పడిగినవాడికి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, మీ అభిప్రాయం చాలా విలువైనదండీ అని చప్పట్లు కొట్టారు.

తర్వాత నా మేనకోడలి ప్రశ్న. అవునమ్మా, మన వీధి ఫోటో ఇక్కడ గోడకు నిజంగానే పెట్టారు. మనిషికంటే ఎత్తు. మీ గుమ్మంలో నీళ్ళు, తీగ మీద ఆరేసిన నీ బడి గౌను, మిషను కింద మీ అమ్మ పెట్టిన ఇటుకలు, అన్నీ కనిపిస్తున్నాయి. దాని ముందు నిలబడి అందరూ ఫోటోలు దిగుతున్నారు. ఒకావిడ మీ గుమ్మం చూసి కళ్ళు తుడుచుకుంది. నా చేతికి ఫోనిచ్చి తియ్యమంది. తీరా చూస్తే అందులో కళ్ళు మూసుకుపోయాయట, మళ్ళీ తియ్యమంది. తీశాను. రెండోది బాగా వచ్చింది, ఆవిడ నవ్వింది కూడా.

ఇక నీ మొదటి ప్రశ్న. "గడియారాలు బాగుచేసేవాడికి అక్కడ ఏం పనిరా?" అక్కా, నా పని గడియారాన్ని ఆపడం. నవ్వకు. సభలో అధ్యక్షుడి తల మీద బండి చక్రమంత గడియారం ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి సభ ముగియాలి, ముగిసేలోపు ఒప్పందం తేలకపోతే అంతా రద్దు. అది వాళ్ళు పెట్టుకున్న రూలే. ఏ ఏడాదీ తేల్చి చావరు. అందుకని ఆరుకు ఐదు నిమిషాలుందనగా మా సూపర్‌వైజరు నావంక చూసి కన్ను కొడతాడు, నేను నిచ్చెనెక్కి ముల్లు ఆపేస్తాను. ఇక వాళ్ళకు ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు శుక్రవారం ఐదూ యాభై ఐదే. బయట శనివారం తెల్లవారుతుంది, ఆదివారం తెల్లవారుతుంది, లోపల మాత్రం శుక్రవారం. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళే అందరూ. ఒక్కడికీ నవ్వు రాదు.

ఒప్పందం కుదిరాక నాకు కబురొస్తుంది. నేను గడియారం నడిపిస్తాను, ఐదు నిమిషాల తర్వాత సరిగ్గా ఆరింటికి అధ్యక్షుడు చెక్క సుత్తితో బల్ల మీద కొడతాడు, అక్కడితో సరి. పోయిన రెండేళ్ళూ అలాగే జరిగింది. నేను దాన్ని ఆనవాయితీ అనుకున్నాను. నా కొంపా మీ కొంపా ముంచింది ఆ నమ్మకమే.

మన బుల్లి దేశం తరఫున వచ్చింది ఇద్దరే, మంత్రిగారూ, మునిగే వీధుల తరఫున మాట్లాడమని వెంట తెచ్చిన మన బడి మాస్టారూ. పెద్ద దేశాలవాళ్ళు తలా నలభై మంది వచ్చారు, వంతులేసుకుని పడుకుంటారు. మంత్రిగారు శుక్రవారం మధ్యాహ్నమే ఇంట్లో శుభకార్యం ఉందని విమానమెక్కేశారు. పోతూ పోతూ మన దేశం పేరున్న అట్ట మాస్టారి చేతిలో పెట్టారు. మాస్టారి సంగతి నీకు తెలియంది కాదు. నాలుగో తరగతిలో రెండు నిమిషాలు ఆలస్యమైనందుకు నన్ను పొద్దంతా బెంచీ ఎక్కించిన మనిషి. "గంట కొట్టందే బడి లేదు, గంట కొట్టాక సాకు లేదు." డెబ్భై రెండేళ్ళొచ్చినా అదే మాట.

ఇక్కడ ఇంకో రూలుంది. ఎంత చిన్న దేశమైనా సరే, ఆ అట్ట ఎత్తి 'మేం ఒప్పుకోం' అంటే ఏదీ చెల్లదు. మన గోడల పేరా పంతొమ్మిదో పేజీలో ఉండేది. భూమిని ఇంతగా కాగబెట్టిన దేశాలే మునిగిపోయే తీరాలకు గోడలు కట్టివ్వాలని అందులో రాశారు. అది అచ్చులో చూసే, "గోడ ఖాయం, ఇల్లు వదలొద్దు" అని మొదటి వారంలో నీకు రాశాను. మనలాంటి దేశాలవాళ్ళు సగం మంది శనివారానికే వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకు వేరే పేరాలు ఆశ చూపించి నోరు కట్టేశారు. చివరికి ఆ పేరాకు కాపలా మాస్టారొక్కరే.

రెండు రాత్రులు ఆయన కన్ను మూయలేదు. ఆదివారం పొద్దున నా గడియారాల గదికి వచ్చారు.

"ఒరేయ్, ఒక్క గంట నడుం వాలుస్తాను. గడియారం నడిపేది నువ్వే కదా, నీకు ముందే తెలుస్తుందిగా?"

"తెలుస్తుంది సార్. గడియారం నడవందే సుత్తి పడదు. మీరు పడుకోండి, నేను లేపుతాను."

"గంట కొట్టకముందు లేపాలి. కొట్టాక కాదు."

"అలాగే సార్."

నా పనిముట్ల పెట్టె తలకింద పెట్టుకుని, అట్ట గుండెల మీద పెట్టుకుని పడుకున్నారు. పడుకున్న నిమిషంలో గురక.

పదకొండయింది. టీవీవాళ్ళు వస్తున్నారు, గడియారం అద్దం మీద దుమ్ముంది తుడవమని సూపర్‌వైజరు పిలిచాడు. నిచ్చెనెక్కాను. పైకప్పు అద్దాల్లోంచి ఎండ పడుతోంది. కింద అధ్యక్షుడు పేజీలు చదవడం మొదలుపెట్టాడు. ఏదో తీరికకు చదువుతున్నాడనుకున్నాను. పంతొమ్మిదో పేజీకి వచ్చాడు. "గోడల పేరా తొలగించడమైనది. అభ్యంతరం ఉన్నవారు?" అన్నాడు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కింద నిచ్చెన పట్టుకున్న సూపర్‌వైజరుతో గుసగుసగా, "గడియారం నడపొద్దా?" అన్నాను.

"శుక్రవారం ఇంకా అయిపోలేదుగా. నువ్వు తుడువు" అన్నాడు.

సుత్తి పడింది. అందరూ లేచి చప్పట్లు కొట్టి ఒకళ్ళనొకళ్ళు కౌగలించుకున్నారు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. "గోడ పని ఎప్పుడు మొదలెడతార్రా? మెట్ట మీద సర్కారువాళ్ళు ఇచ్చే క్వార్టరు మా వంతుకు వచ్చింది. నీ మాట నమ్మి ఎదురింటి ఇస్త్రీ తాతకు రాసిచ్చేశాం. పాపం ఆయన సామాను కూడా చేరేశాడు. మంచి పనే చేశాం కదా?" అని రాశావు. ఆ 'కదా' దగ్గర నీళ్ళు పడి సిరా అలుక్కుపోయింది. గోడ లేదక్కా. కట్టరు. ఎప్పటికీ కట్టరు.

ఇంతవరకు రాసింది ఎవరికైనా చెప్పగలను. ఇక రాసేది నీకొక్కదానికే.

అభ్యంతరం ఉందా అని అడిగాక అధ్యక్షుడు వెంటనే సుత్తి కొట్టలేదు. మంచినీళ్ళ సీసా మూత తీశాడు. గ్లాసులో పోసుకున్నాడు. తాగాడు. చేతిరుమాలుతో మూతి తుడుచుకున్నాడు. నిచ్చెన కాలి దగ్గర్నుంచి నా గది తలుపుకు ఎనిమిదడుగులు. రోజూ నడిచేదే, కళ్ళు మూసుకుని చెప్పగలను. దిగి, ఎనిమిదడుగులు వేసి, "సార్" అంటే చాలు. దిగక్కర్లేదు కూడా, పైనుంచి ఒక్క కేక వేసినా చాలు, ఆయన చెవులు పాముచెవులు. నా మొహం చూసి సూపర్‌వైజరు పసిగట్టాడు. "నోరు మెదిపావో, వచ్చే ఏడాది ఈ నిచ్చెన మీద ఇంకొకడుంటాడు. మూసుకున్నావో, పర్మనెంటు చేయిస్తా" అన్నాడు, పళ్ళు కనిపించకుండా. నేను అద్దం మీద ఎనిమిది అంకె తుడిచాను. మళ్ళీ అదే తుడిచాను. అప్పుడు సుత్తి పడింది.

అందరూ భోజనాలకు పోయారు. గడియారం నడపమనడం కూడా మర్చిపోయారు. మాస్టారు లేచి, మొహం కడుక్కుని, చొక్కా గుండీలు సరిచేసుకుని సభలోకి వచ్చారు. ముందు గడియారం చూశారు. ఐదూ యాభై ఐదు. ఆయన మొహం విప్పారింది. "అమ్మయ్య, ఇంకా టైముంది" అనుకుంటూ తన కుర్చీలో కూర్చుని అట్ట ఎత్తి, "మా దేశానికి అభ్యంతరం ఉంది" అన్నారు. లోపల ఊడ్చేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఒకామె చీపురుతో వచ్చి, "కాస్త కాళ్ళెత్తండి సార్" అంది. కాళ్ళెత్తారు. అట్ట మాత్రం దించలేదు.

నేను వెళ్ళి జరిగింది చెప్పాను. అట్ట దించి, "లేపలేదేంరా?" అన్నారు.

"రెండుసార్లు లేపాను సార్. మీరు లేవలేదు" అన్నాను.

నోరు జారానని రాద్దామనుకున్నాను. అబద్ధం. ఆ మాట నిచ్చెన మీదే తయారుచేసి పెట్టుకున్నాను.

నమ్మేశారక్కా. శిష్యుడు అబద్ధమాడతాడన్న అనుమానం కూడా రాలేదు. "గంట కొట్టాక సాకు లేదు" అని తనలో తాను అనుకున్నారు. అప్పట్నుంచి అన్నం ముట్టడంలేదు. ఊరికి రాగానే మన వీధి మొదట్లో నిలబడి, నేను నిద్రపోయాను, మీ గోడ నేనే పోగొట్టాను అని అందరికీ చెబుతారట. తిలాపాపం తలాపిడికెడు అంటారు గాని, ఇన్ని దేశాల పాపం ఆ ఒక్క పిడికిట్లోనే పోశాను. ముందుగా నోరు చేసుకునేది బావే, నాకు తెలుసు. చేసుకోనీ.

ఇవాళ పొద్దున నా పర్మనెంటు కాగితం వచ్చింది. వచ్చే ఏడాది వేరే ఊళ్ళో సభ. గడియారం నేనే ఆపాలట. సంతకం పెట్టాను.

పౌర్ణమి పోటు రాకముందే మిషను మోసుకుని బడి మేడ మీదికి వెళ్ళిపోండి. ఇటుకలు ఇంక పెంచకు, లాభంలేదు. ఇదంతా నీకు ఎందుకు రాశానంటే, ఎవరికీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టడంలేదు. ఇక నీకు పట్టదు.

పోస్టులో అయితే ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం మాస్టారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. రేపే ఆయన విమానం. "మీ అక్కకు ఏమైనా ఇవ్వాలా?" అని ఆయనే అడిగారు. ఒకరి ఉత్తరం విప్పే మనిషి కాదని నీకు తెలుసు, అందుకే జిగురు కూడా గట్టిగా రాయలేదు. మార్కుల కాగితం ఇచ్చి నాన్న సంతకం పెట్టేదాకా గుమ్మంలో నిలబడేవారు చూడు, అలాగే నువ్వు చదివేదాకా నీళ్ళలో నిలబడతారు. బహుశా ఇప్పుడు నిలబడే ఉన్నారు. నీ మొహంలో ఏమీ కనిపించనీకు. చదవడం అయ్యాక ఆయన చేతులు జోడించి, "నన్ను క్షమించమ్మా" అంటారు.

"పరవాలేదు మాస్టారూ" అను. చాలు.

ఇట్లు,
నువ్వు వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళిన
నీ తమ్ముడు