మునీశ్వరి రాసిన ప్రయోగం

పుంగనూరు,
డిసెంబరు 4.

ప్రియమైన అమ్మకు,

రెబెకా వందనాలు. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, సింధూ ముగ్గురం వేళకింత తిని తిరుగుతున్నాం. కుప్పంలో నువ్వూ తమ్ముడూ అలాగే ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను. జవాబు మూడు వారాలు ఆలస్యమైంది, తిట్టుకునే ఉంటావు. ఫోను చేయొచ్చు కదా అంటావేమో. ఫోనులో నీకు సరిగ్గా వినపడదు. నేను చెప్పే ప్రతి మాటా తమ్ముడు విన్సెంటు నీ చెవి దగ్గర అరిచి చెప్పాలి. ఇది అలా అరిపించే విషయం కాదు. కళ్ళద్దాలు పెట్టుకుని నువ్వొక్కదానివే చదువుకో.

ముందు నువ్వు అడిగినవి. సింధుకు జలుబు తగ్గింది. నువ్వు అల్లిన స్వెటరు చేతులు పొట్టిగా ఉన్నాయని గునిసింది గానీ, ఈ చలికి తట్టుకోలేక అదే వేసుకుని బడికి పోతోంది. మదనపల్లెలో నాన్న సమాధికి పండుగలోపు సున్నం వేయించమన్నావు. ఇంకా వేయించలేదమ్మా. ఈ పది రోజుల్లో మూడుసార్లు మదనపల్లె పోయాను, అటువైపు మాత్రం పోలేకపోయాను. నా మెడనొప్పికి ఉప్పు కాపడం పెట్టుకోమన్నావు. అదీ పెట్టుకోలేదు. ఇంట్లో ఉప్పు డబ్బా ముట్టుకోవాలంటేనే చెయ్యి వెనక్కి పోతోంది.

పోయిన ఉత్తరంలో మునీశ్వరి అనే పిల్ల గురించి గొప్పగా రాశాను, గుర్తుందా? మా తొమ్మిదో తరగతి. పెద్దపంజాణి దగ్గరి పల్లె నుంచి బస్సులో వస్తుంది. అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనికి పోతే ఇక్కడ అవ్వ ఈశ్వరమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు క్లాసంతా చప్పట్లు కొట్టించానని కూడా రాశాను.

ఆ రోజు ద్రవాభిసరణ పాఠం. పుస్తకంలో బంగాళాదుంప అని ఉంటే, రెండు ఉర్లగడ్డలు తెచ్చి గిన్నెల్లాగా తొలిచాను. ఒకదాన్ని ఉత్తగా వదిలి, రెండోదానిలో చెంచా ఉప్పు పోశాను. అరగంటకు ఉప్పు వేసినదానిలో నీళ్ళూరాయి. ఉత్తదానిలో చుక్క లేదు. గడ్డ కణాల్లోని నీటిని ఉప్పు పొర దాటించి బయటికి లాగిందని చెప్పాను. అప్పుడు మునీశ్వరి లేచి, "మేడం, మనిషి ఒంట్లో నీళ్ళు చేరుకోనుంటే గూడా ఉప్పు లాగేస్తాదా?" అంది. ఇన్నేళ్ళలో అలాంటి ప్రశ్న వేసిన పిల్లను నేను చూడలేదు. ఆ సంబరంలో, కణం ఎక్కడున్నా కణమే, లాగుతుంది అనేశాను. ఉప్పు బయటుంటేనే నీరు బయటికి వస్తుందనీ, తిన్న ఉప్పు నెత్తురులో కలిసి నీటిని ఒంట్లోనే పట్టి ఉంచుతుందనీ చెప్పాలి కదా. చప్పట్లు అయ్యేసరికి బెల్లు కొట్టారు. మరుసటి రోజు కొత్త పాఠం మొదలుపెట్టాను.

పది రోజుల కిందట ఆ పిల్ల రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు స్టాఫ్ రూములోకి వచ్చి, అవ్వకు ఆయాసం ఎక్కువైతే మామ మల్లప్ప ఆటోలో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాడని చెప్పింది. చెప్పి, సైన్సు నోటుబుక్కు తీసి నా ముందర పెట్టింది.

"వాపు తగ్గలేదు మేడం. నేను యాడ తప్పు చేసినానో సూడండి" అంది.

నేను నేర్పిన పద్ధతిలోనే, గీతలు కొట్టి, శీర్షికలు పెట్టి రాసుకుంది. ఉద్దేశం: అవ్వ కాళ్ళలోని నీటిని ఉప్పుతో బయటికి లాగడం. కావలసిన వస్తువులు: ఉప్పు, చెంచా, మజ్జిగ, దారం, అవ్వ. దాని కింద పట్టిక. రోజూ పొద్దున మజ్జిగలో ఎన్ని చెంచాల ఉప్పు కలిపిందో ఒక గడిలో, చీలమండ చుట్టూ దారం చుట్టి స్కేలు మీద పెట్టి కొలిచిన కొలత ఇంకో గడిలో. మొదటి వారం ఒక చెంచా, ఇరవై నాలుగు సెంటీమీటర్లు. తర్వాత రెండు చెంచాలు, ఇరవై ఐదు. చివరికి మూడు చెంచాలు, ఇరవై ఏడు. కొలత పెరిగేకొద్దీ, చాలలేదనుకుని ఉప్పు పెంచుకుంటూ పోయింది. ఫలితం అని రాసినచోట మాత్రం ఖాళీ వదిలింది. అక్కడ నన్ను రాయమంది. దిద్ది ఇస్తానని నోటుబుక్కు నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ సాయంత్రమే మదనపల్లె బస్సెక్కాను. నువ్వు నర్సుగా చేసిన ఆసుపత్రి కాదు, బస్టాండు వెనకాల కొత్తగా వచ్చినది. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. గుండె ముందునుంచే బలహీనంగా ఉందనీ, ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి కూడా నీరు చేరిందనీ, ఏ మాటా ఇప్పుడే చెప్పలేమనీ అన్నాడు. ఉప్పు మానమని ఊళ్ళో నర్సమ్మ ఈశ్వరమ్మకు ఆర్నెల్ల కిందటే చెప్పిందట. అందరికీ చెప్పేదే కదా అని ఆమె పట్టించుకోలేదు. మనవరాలు వచ్చి సైన్సు మేడం ఇలా చెప్పిందనగానే మాత్రం నమ్మేసింది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి జాడీ నిండా ఊట ఊరడం ఏటేటా చూసిన మనిషి. బడిలో చెప్పినదీ ఇంట్లో చూసినదీ ఒకటైపోయాయి.

ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు చెప్పాక ఆమెకు అంతా అర్థమైంది.

"బిడ్డకు మాత్రం చెప్పొద్దమ్మా" అంది. "మూడు చెంచాలేస్తే నా నాలికకు తెలీదా? అయినా తాగేస్తాంటి. అది పొద్దున్నే నా కాలు ఒళ్ళో పెట్టుకోని దారం చుట్టి కొలుస్తాంటే, మాయమ్మ మళ్ళా వచ్చినట్టు ఉండె నాకు."

సరేనని మాటిచ్చాను. బస్సులో వస్తుంటే, ఆమె బతికి ఇంటికొస్తే ఈ పిల్ల మళ్ళీ చెంచా పట్టుకుంటుంది కదా అని తోచింది. చెబితే ఒక గండం, చెప్పకపోతే ఇంకొకటి. మర్నాడు మునీశ్వరిని పిలిచి, ఇకమీదట డాక్టరు చెప్పినదే పెట్టాలి, ఇంకేదీ కలపకూడదు అని మాత్రం అన్నాను. తలూపింది గానీ నమ్మలేదు. క్లాసులో నేనన్న మాటనే ఇప్పటి నా మాటకు అడ్డం పెట్టుకున్న పిల్ల అది.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని ఇందాకటి నుంచి వెనక్కి నెడుతున్నాను. పోయినసారి నీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం రాశావు. "ఆ పిల్ల ఊరికే అడిగి ఉండదు, ఇంట్లో ఎవరికి నీరు చేరిందో కనుక్కో" అని. అది చేరేసరికి మునీశ్వరి పట్టికలో ఇంకా ఒక చెంచా దగ్గరే ఉంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. చదివి నవ్వుకున్నానమ్మా. రిటైరైనా అమ్మకు ఇంకా వార్డు వదల్లేదు అని మీ అల్లుడితో వేళాకోళం ఆడాను. పరీక్ష పేపర్లు దిద్దాలి, సోమవారం అడుగుదాం అనుకున్నాను. ఆ సోమవారం అడగలేదు, పై సోమవారం కూడా అడగలేదు. ఈ పది రోజులూ జవాబు రాయనిది తీరిక లేక కాదు. నీకు ముఖం చూపలేక.

నిన్న మూడోసారి పోయొచ్చాను. ఈశ్వరమ్మ మాట్లాడటం లేదు, కళ్ళు మాత్రం తెరిచింది. నాకు భయంగా ఉంది. ఏం చేయాలో నిజంగా తెలియడం లేదు. చెప్పరాని మాటలు రోగుల ఇంటివాళ్ళకు నలభై ఏళ్ళు చెప్పినదానివి నువ్వు. పద్నాలుగేళ్ళ పిల్లకు ఈ మాట ఎవరు చెప్పాలో, ఎలా చెప్పాలో రాసి పంపు. నీ ఉత్తరం వచ్చేదాకా అక్కడ ఏమవుతుందో నా చేతిలో లేదు.

మునీశ్వరి రోజూ ప్రార్థన బెల్లుకు ముందే వచ్చి నోటుబుక్కు కోసం నిలబడుతోంది. ఇవాళ కూడా దిద్దలేదన్నాను.

"మీకు పనుంటే నేనే రాసుకుంటా మేడం. ఉప్పు ఇంగా పెంచాల అని" అంది.

రాయొద్దన్నాను.

"యాల రాయగూడదు మేడం?" అని అడిగింది.

నెల కిందట ఆమె ప్రశ్నకు క్షణంలో జవాబు చెప్పినదాన్ని, ఈ ఒక్క మాటకు తల దించుకుని హాజరు పట్టీ తెరిచాను. ఎర్ర పెన్నూ ఆ నోటుబుక్కూ ఇప్పుడు ఈ ఉత్తరం పక్కనే ఉన్నాయి.

ఇట్లు,
నువ్వు అడగమన్నది అడగని నీ కూతురు,
రెబెకా.