కానిస్టేబులంటే ఏమిటంటే

చిత్తూరు,
18-9-1946

నాయన పాదాలకు మొక్కి చెంగల్రాయుడు రాసుకునేది. ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. తిరుపతిలో నువ్వూ అమ్మా, మన గుర్రం లచ్చీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. చదివి వినిపించే దొరస్వామి మేష్టరు గారికి నమస్కారాలు. మేష్టరు గారూ, కింద రాసిందేదీ దాటేయకుండా చదవండి.

అమ్మ మోకాలికి నూనె పంపుతున్నాను. లచ్చి కుంటుతోందని రాయించావు. నాడా ఊడదీయించి చూపించు, నయమయ్యేదాకా స్టేషను బాడుగలకు కట్టొద్దు.

బండ్ల స్టాండులో అందరూ కానిస్టేబులంటే అర్థమేమిటని అడుగుతున్నారనీ, కనుక్కుని రాయమనీ అన్నావు. కోర్టు డ్యూటీలో ఒక ముసలి ప్లీడరు గారిని అడిగాను. ఆయన లావుపాటి నిఘంటువు తిరగేసి నవ్వారు. వెనకటికి రోము రాజ్యంలో అది రెండు మాటలట, రాజు గారి గుర్రపుసాలను చూసుకునే అధికారి అని అర్థమట. తర్వాత్తర్వాత ఆ గుర్రాలాయనే సేనలు నడిపాడు, కోటలు కాచాడు. అక్కడి నుంచి దిగుతూ దిగుతూ ఊరి కాపలాదారయ్యాడు. చివరికి ఎర్రటోపీ పెట్టుకుని నా దాకా వచ్చాడు.

ప్లీడరు గారు నవ్వుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకో నీకు తెలుసు. నీ ఉత్తరంలో ఆ సంగతి ఒక్క ముక్కైనా రాయించలేదు గనక నేనే రాయాలి.

పోయిన నెల నువ్వు మురుకుల మూటతో పోలీసు లైనుకు వచ్చినప్పుడు నలుగురి ముందూ మా హెడ్డు కానిస్టేబులు గారు, "ఎవురప్పా ఈ పెద్దాయన?" అన్నారు. మా నాయనకు చంద్రగిరిలో పొలముందని అందరితో గొప్పలు చెప్పుకుని ఉన్నాను. నీ చొక్కా గుర్రం వాసన కొడుతోంది.

"మా ఊరి జట్కా ఆయన సార్" అనేశాను.

నువ్వు నా మొహమైనా చూడలేదు. "అవును సామీ, ఈయప్ప వాళ్ల నాయన ఇచ్చి రమ్మంటే వచ్చినా" అని మూట నా చేతిలో పెట్టి వెళ్లిపోయావు. నా పరువు కోసం నువ్వు అబద్ధమాడావు. సిగ్గుతో చచ్చిపోతున్నాను నాయనా.

నిన్న హెడ్డు గారితో నిజం చెప్పేశాను. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే, "నాకు ఆ పొద్దే తెలుసబ్బా. ఆయన ముక్కూ నీ ముక్కూ ఒకటే గదా" అన్నారు. నా అబద్ధం ఎవరినీ మోసం చేయలేదు. నీకు మాత్రం తగిలింది.

నలుగురి ముందు నిన్ను కాదన్నాను. అందుకని మేష్టరు గారూ, దీన్ని బండ్ల స్టాండులో నలుగురూ వినేటట్టు చదవండి. నాయనా, ఒక్కసారి మళ్లీ రా. చొక్కా మార్చుకోకుండా రా.

ఇట్లు,
జట్కా మునిరామయ్య కొడుకు
చెంగల్రాయుడు