రేకుల చిల్లులు

రుంఫి,
జనవరి 2

మరిది లుసుంగుకి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు అందాయి. కింద రాసిన అసలు సంగతీ చదివాను. ఇల్లు కారుతోందట, మీ అన్న రేకుల చిల్లులు దేంతో మూసేవాడని అడిగావు.

ఆయన సమాధి మట్టి ఆరకముందే నా ఇంటి కప్పు విప్పుకుపోయావు. "మా అన్న కొన్న రేకులు, నీకేం హక్కు?" అన్నావు. మేకులు పీకితే చిల్లులు మిగులుతాయని అప్పుడు తోచలేదా?

పోయిన ఏడాది మొగుడూ పోయాడు, కప్పూ పోయింది. చర్చి ఆడవాళ్ళు గడ్డి మోసుకొచ్చి కప్పారు. ఎంత వానొచ్చినా చప్పుడు లేదు, పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు.

మీ అన్న వాడింది తారు. సగం డబ్బా నా దగ్గరే ఉంది. పంపను. కావాలంటే నువ్వే రా. గడ్డిచూరు కిందికి ఉంటుంది, తల వంచుకుని రావాలి.

వదిన