ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు

9 ఆగస్టు 1999, సోమవారం

హార్బర్ పక్కన మత్స్యకార సంఘం ఆఫీసు. సభ్యుల జాబితా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. కంపెనీ నన్నొక్కదాన్నే పంపింది. పొద్దున్నుంచీ ప్రైమరీ కీ దగ్గరే ఆగాను. ప్రతి మనిషినీ మిగతా అందరి నుంచి విడదీసే గుర్తు ఒకటి కావాలి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు. నాలుగూ కలిపి పెట్టేశాను. ఒకే తండ్రికి ఒకే పేరుతో ఇద్దరెందుకుంటారు?

రిజిస్టర్‌లో కొన్ని పేర్ల ముందు పెద, చిన అని ఉంది. ముద్దుపేర్లనుకుని తీసేశాను. టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని, నాకేం తెలుసు? డేటా శుభ్రంగా ఉండాలని నా పిచ్చి.

13 ఆగస్టు

కొత్త రిజిస్టర్ అయిపోయింది, పాతవి ఎక్కిస్తున్నాను. పదకొండు పేర్లు డూప్లికేట్ అంటూ కంప్యూటర్ వెనక్కి కొట్టింది. ఒకే మనిషిని రెండుసార్లు రాసుకున్నారనుకుని వదిలేశాను. పాత గుమాస్తాల తెలివికి నవ్వొచ్చింది. పక్కన ఎవరైనా ఉంటే చెప్పి నవ్వేదాన్ని.

15 ఆగస్టు, ఆదివారం

ఈ రోజు నోరు విప్పింది ఒక్కసారే. టమాటాల బండివాడితో.

21 ఆగస్టు

పని పూర్తి. సభ్యులకు కొత్త కార్డులు కూడా అచ్చయి వెళ్లాయి. సెక్రటరీ వీర్రాజు గారు పాత రిజిస్టర్లన్నీ తూకానికి వేసేశారు. చెదల గోల వదిలిందన్నారు.

24 ఆగస్టు, సాయంత్రం 6

గంగాలమ్మ అనే ఆవిడ వచ్చింది. రేవులో చేపలమ్ముతుంది. చిన్నకొడుక్కి కార్డు అందిందట. మరి నా పెద్దోడేడమ్మా, ఆడినీ ఓపాలి సూపించు అంది.

ఇద్దరూ నూకరాజులే. నూకాలమ్మకు మొక్కుకుని కన్నదట, ఇద్దరికీ అమ్మవారి పేరే పెట్టి పెద, చిన అని పిలుచుకుంది. పెద్దవాడు నిరుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. ఫొటో లేదు. నెలకోసారి ఇక్కడికొచ్చి, రిజిస్టర్‌లో వాడి పేరు ఎక్కడుందో గుమాస్తా చేత చూపించుకుని వెళ్లేదట.

వెతికాను. ఒక్క నూకరాజే ఉన్నాడు, కార్డు అందినవాడు.

పోయినోడికి కార్డెందుకే అన్నారు వీర్రాజు గారు. కార్డడగనేదు బాబూ, పేరడిగినాను అంది.

నేనే వదిలేశానని చెప్పాను. ఆడు నీకేటి అన్నేయం సేసినాడమ్మా అంది. అంతే. అరిచినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

25 ఆగస్టు

వన్ టౌన్‌లో పాత కాగితాల కొట్టు వెతికి పట్టుకున్నాను. సరుకు నిన్ననే లారీ ఎక్కిందట.

27 ఆగస్టు

కంప్యూటర్‌లో జాబితా మొత్తం మళ్లీ కట్టాను. ఇప్పుడు కీ ఒక వట్టి నెంబరు. దానికి అర్థం లేదు, పేరుతో పనిలేదు. ఒకరికిచ్చింది ఇంకొకరికి వెళ్లదు, మనిషి పోయినా సరే. మొదటిరోజే చేయాల్సిన పని.

మిగతా పది పేర్లు గుర్తులేవు. జాలర్ల పేటలో ఇల్లిల్లూ అడగాలి. తోడు రమ్మని గంగాలమ్మను అడిగాను. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

29 ఆగస్టు, ఆదివారం

వచ్చింది! ప్రతి గడప దగ్గరా ఒకటే పరిచయం: ఈయమ్మే మనోళ్లని వదిలేసినాది, ఇప్పుడు మల్లీ రాత్తాదంట. తిట్లు తిన్నాను, టీలు తాగాను. ఒక ముసలాయన తన ముగ్గురు అన్నదమ్ములూ అప్పలస్వాములేనని చెప్పి, నా మొహం చూసి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. పదకొండూ దొరికాయి. మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. ఇలా పోయి ఎన్నాళ్లయిందో.

పెద నూకరాజు నెంబరు 412.

6 సెప్టెంబరు

ఇక్కడ నాకిది ఆఖరి రోజు. గంగాలమ్మకు 412 తీసి చూపించాను. స్క్రీన్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది. లేస్తూ, నీ నెంబరెంతమ్మా అంది. నాకు లేదన్నాను.

మరి నువ్వవుపడకపోతే నిన్నెవులు ఎతుకుతారు అంది.

ఇంటికొచ్చి, ఈ పేజీ తెరిచి గంటయింది. రాయడానికి ఒక్క పేరూ తట్టలేదు.