పసుపు కుంకుమ కింద ఐదెకరాలు

సెలంగోర్ రాష్ట్రం క్లాంగ్ పట్టణంలో కాపురముంటున్న పైల తాతబాబు అనే నేను, యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివి స్థిమితంగా ఉండగా రాసుకున్న వీలునామా ఇది. గుండె బాగా లేదని డాక్టరు అన్నాడు. బుర్ర బాగానే ఉంది. నా భార్య ఒప్పుకోకపోయినా సాక్షులు ఒప్పుకున్నారు.

1. నేనుంటున్న ఇల్లు, అందులోని సామాను సమస్తం నా భార్య పుష్పవల్లికి సర్వహక్కులతో చెందాలి. తమిళ పిల్లను చేసుకున్నానని మావాళ్లు ఏడాదిపాటు మాటలు మానేశారు. మా అప్ప, అంటే నా తోడబుట్టిన అక్క, కూర్మమ్మ ఒక్కతే మొదటి వారంలోనే బంటింగ్ నుంచి బస్సెక్కి వచ్చి, పుష్పవల్లికి ఆవ పెట్టిన పనసపొట్టు కూర నేర్పి వెళ్లింది.

2. నా రాతబల్ల, కలం మా అమ్మాయి జయమణికి. దానికి తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. తప్పు నాదే. ఇంట్లో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడి, తెలుగును ఆదివారాలకు అట్టేపెట్టాను.

3. రాలీ సైకిలు నా తోటి గుమస్తా సెల్లప్పన్‌కు. ఇరవై ఏళ్లుగా దానిమీద కన్నేసి ఉన్నాడు, తీసుకోనీండి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆయనదే.

4. ముప్పై ఒక్క సంవత్సరాలు అమెరికా దొరల బ్యాంకులో పనిచేశాను. దాని పేరు రాయను, పింఛను ఇంకా వాళ్లే ఇస్తున్నారు. న్యూయార్కులో ఒకరు సంతకం పెడితే బంటింగ్‌లో వంద పొయ్యిలు ఆరిపోతాయని అక్కడే తెలుసుకున్నాను. మెర్దేకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చిన వారం, మా అప్పవాళ్లు పనిచేసే రబ్బరు తోట కొన్న పెద్దమనుషులు మా గుమస్తాలకు తలా ఒక బంగారు గడియారం ఇచ్చారు. జెండా ఎగరేసిన పొద్దున ముందు వరసలో మంత్రుల పక్కన కూర్చున్నది వాళ్లే. నాది పెట్టెలోనే ఉంది, ఒక్కరోజూ కట్టుకోలేదు. వాళ్లకే తిరిగి పంపండి.

5. ఇప్పుడు అసలు సంగతి. బంటింగ్ దగ్గర, కూలీల పాత లైను ఇళ్లున్న చోట, నా పేరిట ఐదెకరాల రబ్బరు తోట ఉంది. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. దాన్ని మా అప్ప కూర్మమ్మకు పసుపు కుంకుమ కింద ఇస్తున్నాను.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అప్పకు పద్నాలుగు. చీకటితో లేచి రబ్బరు పాలు తీసి, ఆ కూలితో నన్ను ఇంగ్లీషు బడికి పంపింది. అడవిలోని కమ్యూనిస్టులతో సర్కారు పోరాడిన ఎమర్జెన్సీ రోజుల్లో ఆదివారం ఆదివారం చూడటానికి వెళ్లేవాణ్ణి. తోట చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర పోలీసులు. అడవిలోవాళ్లకు చేరుతుందని అన్నం మూట బయటికి పోనిచ్చేవారు కాదు. "బయటికి మెతుకు పోకూడదంట. ఇక్కడే తినేసి పో తమ్ముడా" అని నా కంచంలో మూడోసారి వడ్డించేది. బావ అప్పలసామి నవ్వుతూ చూసేవాడు. పొగబెట్టిన రబ్బరు షీట్ల వాసనకు ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది.

యాభై ఆరులో తోట అమ్మకం ఉత్తరం నా చేతిమీదుగానే బ్యాంకు దొరకు వెళ్లింది. కొనేవాళ్లకు అప్పు ఇచ్చేది కూడా మా బ్యాంకే. ఆ నెలలోనే బావ వచ్చి అడిగాడు: "ఏటి తాతబాబూ, తోట అమ్మేత్తారంట, నిజమేనా? ముందే తెలిత్తే మనోళ్లమంతా కలిసి ఓ ముక్క కొనుక్కుందుము." నేను అన్న మాట ఇది: "అదేటీ నేదు బావా. నువ్వు నెమ్మదిగా పని సేసుకో."

బ్యాంకు గుట్టు బయటపెట్టనని సంతకం చేశానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. ఆ పెద్దమనుషులు తోటను ముక్కలు చేస్తున్నప్పుడు, నోరు మూసుకున్నందుకు ఐదెకరాలు చవగ్గా నాకు ఇచ్చారు, నేను తీసుకున్నాను. అప్ప కాపురం చేసిన గది అందులోనే ఉంది.

మెర్దేకా అయిన నెలలోపే లైన్లు ఖాళీ చేయించారు. ఏడు నెలలకు బావ క్షయ జబ్బుతో పోయాడు. శవాన్ని చూడబోతే అప్ప గుమ్మంలో నిలబడి "నువ్వు రాకు తమ్ముడా. బ్యాంకీకాడికే పో" అంది. నేను అబద్ధమాడానని ఆమెకు తెలుసు. భూమి తీసుకున్నానని తెలియదు. ఇప్పుడు బజారు వెనక రేకుల గదిలో అద్దెకుంటూ కొబ్బరి షెడ్డులో కూలికి పోతోంది. ఈ భూమి ఇస్తే నా పాపం ఆమెకు తెలుస్తుంది, ఇవ్వకపోతే ఆమెకు నిలువ నీడ ఉండదు. బతికుండగా ఆ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

మావాళ్లలో ఆడపడుచుకు పుట్టింటివాళ్లు ఇచ్చే భూమిని పసుపు కుంకుమ అంటాం. బొట్టు తీసేసిన మనిషికి ఆ మాట రాయకూడదు, దానమని రాయండి అని లాయరు గుమస్తా చెప్పాడు. నేను వినలేదు. బావ బతికుండగా ఇవ్వాల్సింది. ఆలస్యం చేసినవాణ్ణి నేనైతే, పేరు మార్చుకోవాల్సింది ఆమె కాదు. ఆ మాట అలాగే ఉండాలి.

6. అప్పకు చదువు రాదు. ఈ కాగితాన్ని భజన మందిరం పెద్ద కాంతయ్య గారు ఆమెకు తెలుగులో మొత్తం చదివి వినిపించాలి, ఐదో అంశంలో ఒక్క ముక్క వదలకూడదు. ఆమె వద్దంటే బతిమాలవద్దు. తోటను అమ్మకుండా ఆమె పేరిటే ఉంచి, ఏటేటా మళ్లీ అడగండి.

వెళ్లగానే భూమి మాట ఎత్తవద్దు. ముందు నేను పోయానని చెప్పి, కాసేపు ఆగండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. ఇది విన్నాక ఆమె ఇక నాకోసం ఏడవలేకపోవచ్చు.

1959 నవంబరు 12, క్లాంగ్.
ఇందులోని ప్రతి మాటా చదువుకుని చేసిన సంతకం: పైల తాతబాబు

మా కళ్లెదుట సంతకం చేశారు:
కాంతయ్య, భజన మందిరం పెద్ద, బంటింగ్
మునుసామి, బడి మాస్టరు, క్లాంగ్