టెంకాయ నీళ్ళు తాగిన కంప్యూటరు

తిరుమణి నుంచి

తమ్ముడు నాగభూషణకు,

అక్క రాసేది. బాగుండావా అని అడగను, అంత కోపంగా ఉండాను.

పోయిన ఆయుధపూజకు మా ఇంటికొచ్చి, కంప్యూటరు మీద టెంకాయ కొట్టి నీళ్ళన్నీ దాంట్లోకే పోసినావు. అదేమన్నా ట్రాక్టరా? ఆ పొద్దునుంచి అది ఆన్ కాలేదు. భక్తి ఎక్కువైందిలే అనుకుని ఊరకుంటి. "పాతది, గుజిరికెయ్యి, తూకానికి అమ్ముకో" అన్నావు. వెయ్యలేదప్పా.

నిన్న హొసకోటలో రిపేరీ అంగడికి ఎత్తుకుపోయినా. ఆయప్ప మూత ఇప్పితే లోపలంతా తుప్పు, ఎండిన బంతిపూరేకులు. డిస్కు మాత్రం బాగుండాదని తీసి వేరే కంప్యూటరుకు తగిలించినాడు. నాయన సమాధి ఫోటో వచ్చింది.

చేను సోలారు కరెంటు కంపెనీకి రాసిచ్చేటప్పుడు సమాధి కంచె బయటే ఉండాదని చెప్పినావు. గట్లన్నీ చదును చేసినాక నాకూ గురుతు తప్పింది. నాలుగేండ్లు నువ్వు చూపిచ్చిన రాయికే మొక్కినా. చదునుకు ముందు తీసిన ఈ ఫోటోలో సమాధి మన బావిని ఆనుకునే ఉండాది. ఆ బావి కంచె లోపల ఉండాది కదరా!

ఆ ఫోటో కంప్యూటర్లో ఉండాదని నీకు తెలుసు. నీ భక్తి ఎందుకో ఇప్పుడు తెలిసింది.

పెద్దల అమావాస్యకు రా. ఈ తూరి టెంకాయ సోలారు గేటు కాడ కొడదాం. లోపల ఎవరుండారో సెక్యూరిటీకి నువ్వే చెప్పు.

మీ అక్క